నాలుగంగుళాల ఎత్తు

సిద్ధగోరా, జంషెడ్‌పూర్
జూలై 6, 2025

మావయ్యకు సుధారాణి నమస్కారాలు.

పద్నాలుగేళ్ల తర్వాత నా చేతిరాత చూసి కవరు అటూ ఇటూ తిప్పి ఉంటావు. నేనే. పోయిన నెల టాటానగర్ స్టేషన్లో దాలమ్మత్త కలిసి నీ చిరునామా ఇచ్చింది. కాశీబుగ్గలో హైవే పక్కన టైర్ల కొట్లో పనిచేస్తున్నావనీ, ఇప్పటికీ చక్రాన్ని చేత్తో తిప్పి తేడా చెప్పేస్తావనీ అంది.

మంచీ చెడ్డా తర్వాత రాస్తాను. ముందు పని. మాకొక పాత పికప్ ఉంది. దాంట్లో నీళ్ల డబ్బాలు వేసుకుని బిష్టుపూర్ ఆఫీసులకూ బ్యాంకులకూ తిప్పుతాం. దాన్ని నాలుగంగుళాలు కిందికి దించాలి. డబ్బాలు ఎక్కించి దించేవాళ్లకు సులువుగా ఉంటుందని. సీటు ఇప్పుడు నేల నుంచి సరిగ్గా ముప్పై ఆరు అంగుళాలుంది. ముప్పై రెండుకు రావాలి.

సాక్చిలో ఒక కొట్టువాడు వెడల్పాటి అలాయ్ చక్రాలు చూపించి, "దీదీ, గాడీ నీచే కరానా హై తో యహీ లగేగా" అన్నాడు, బండి కిందికి దిగాలంటే ఇవే వెయ్యాలని. బ్యాక్‌స్పేసింగ్ ఎంత అని అడిగాను. ఆడదాని నోట ఆ మాట విని నవ్వాడు. ఆ మాట భాలుబాసాలో నీ కొట్లో విన్నదే. అప్పట్లో మధ్యాహ్నం నీకు క్యారేజీ తెచ్చి, నువ్వు తినేదాకా టైర్ల దొంతి మీద కూర్చునేదాన్ని. మాట గుర్తుంది గానీ అర్థం తెలియదు. చెప్పేవాళ్లు ఇక్కడ నాకెవరూ లేరు.

జవాబు మా ఇంటికి రాయకు. భాలుబాసాలో నా స్నేహితురాలు శ్రీదేవి టైలరింగ్ షాపు చిరునామా కింద ఇస్తున్నాను, దానికి రాయి. ఫోన్ మాత్రం చెయ్యొద్దు. మావి రెండే గదులు, ఏ మాటైనా వినబడుతుంది.

సుధ


కాశీబుగ్గ
జూలై 17

చిరంజీవి సుధమ్మకు మావయ్య వరహాలు ఆశీస్సులు.

ఉత్తరం అందింది. ఫోన్ నేనూ చెయ్యను. కొలతలు కాగితం మీదే ఉండాలి. నోటి మాట మీద నాలుగు కాస్తా ఆరవుతుంది.

బ్యాక్‌స్పేసింగ్ బ్రహ్మవిద్యేమీ కాదు. టైరు లేని చక్రాన్ని నేల మీద పడుకోబెట్టు. బండికి బిగించినప్పుడు లోపలికి పోయే వైపు పైకి ఉండాలి. అంచుల మీద అడ్డంగా తిన్నటి బద్ద ఒకటి పెట్టు. ఆ బద్ద నుంచి, హబ్బుకు, అంటే నట్లు బిగించే ఇరుసు చివరకు, ఆనుకునే ముఖం దాకా టేపు దించి కొలు. అంతే. ఆ కొలత పెరిగితే చక్రం బండి లోపలికి జరుగుతుంది, తగ్గితే బయటికి వస్తుంది. మరీ పెరిగితే లోపల స్టీరింగ్ రాడ్డుకు రాసుకుంటుంది. మరీ తగ్గితే మలుపులో మడ్‌గార్డుకు తగులుతుంది. ఎత్తుగా ఉన్న బండిలో కాస్త తేడా ఉన్నా చెల్లిపోతుంది. దించిన బండిలో మడ్‌గార్డు టైరు మీదికి వచ్చేస్తుంది కాబట్టి తప్పుకు చోటుండదు.

నీ బండి చక్రం ఒకటి విప్పించి కొలిచి రాయి. టైరు పక్కన ఉన్న అంకెలన్నీ, ఒక్కటీ వదలకుండా, రాయి. సాక్చివాడి చక్రం కూడా కొలు. నవ్వితే నవ్వనీ.

ఇంకొక మాట. డబ్బాలెత్తేవాళ్ల కోసం అన్నావు. వాళ్లకు కావలసింది వెనక సరుకు వేసే డాలా ఎత్తు. ఆ కొలత నువ్వు రాయనే లేదు. ముందు సీటు ఎత్తు మాత్రం అంగుళం తప్పకుండా రాశావు. ఆ సీట్లో కూర్చోబోయేది ఎవరు?

వరహాలు


సిద్ధగోరా
ఆగస్టు 1

మావయ్యకు,

నీ దగ్గర దాచడం చిన్నప్పుడూ చేతకాలేదు.

సీటు నీ అల్లుడి కోసం. పోయిన ఏడాది హోలీ వెళ్లిన నాలుగో రోజు, స్నానానికి వెళ్లి గోడ పట్టుకుని కూలబడిపోయాడు. పక్షవాతం. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి, మాట సగం పోయింది. చెప్పినదంతా అర్థమవుతుంది గానీ అక్షరాలు కలిపి చదవలేడు. ఇప్పుడు చేతికర్రతో గుమ్మం దాకా నడుస్తాడు. బండి నేనే నడుపుతున్నాను. నువ్వు నమ్మవు, నేనే. మూడు నెలల్లో నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. అమ్మాయి బిందుప్రియ కాలేజీకి పోతుంది. నేను తెల్లారి వెళ్లి పన్నెండింటికి వచ్చేదాకా ఆయన ఒక్కడే కిటికీ దగ్గర కూర్చుంటాడు.

రానురాను ఉన్న ఆ సగం మాట కూడా మానేశాడు. చైత్రం, వైశాఖం రెండు నెలలూ ఒక్క మాట లేదు. ఒకరోజు నేను బండి స్టార్ట్ చేసి గేరు వేస్తుంటే కిటికీలోంచి "క్లచ్" అన్నాడు. మెకానిక్‌కు చూపిస్తే క్లచ్ ప్లేటు నిజంగానే అరిగిపోయి ఉంది. ఆ రోజే అనుకున్నాను, ఈ మనిషిని ఇంట్లో కాదు, బండిలో కూర్చోబెట్టాలని.

కానీ ఎక్కలేడు. స్టూలు వేస్తే జారి పడ్డాడు. మెట్టు పెట్టిస్తే కుడి కాలు ఆ మెట్టు మీదికి లేవదు. వెనక్కి తిరిగి ముందు నడుం ఆనించి కూర్చుంటే, కాళ్లు తర్వాత ఎత్తి లోపల పెట్టొచ్చని వ్యాయామం చేయించే డాక్టరమ్మ చెప్పింది. మనిషి పొడుగు కదా. పరుపులు పేర్చి చూశాం. ముప్పై రెండంగుళాల దాకా కూర్చోగలిగాడు. ముప్పై మూడు పెడితే జారిపోయాడు. అందుకే ఆ నాలుగంగుళాలు.

నీకు రాస్తున్నానని ఆయనకు తెలియదు. నీ పేరు మా ఇంట్లో వినబడి పద్నాలుగేళ్లయింది. ఎందుకో నీకు చెప్పాలా.

కొలతలు: మా చక్రం పదిహేను అంగుళాలది, వెడల్పు ఆరు, బ్యాక్‌స్పేసింగ్ నాలుగున్నర. టైరు 215/75 ఆర్ 15. సాక్చివాడి చక్రం వెడల్పు ఎనిమిది, బ్యాక్‌స్పేసింగ్ మూడున్నర. ఈసారి వాడు నవ్వలేదు. బద్ద వాడే పట్టుకున్నాడు.

సుధ


కాశీబుగ్గ
ఆగస్టు 12

సుధమ్మకు,

వెంకట్రావు సంగతి చదివాను. పని రాస్తాను.

సాక్చివాడి చక్రాలు వద్దు. లెక్క చూడు. చక్రం వెడల్పుకు రెండువైపుల అంచులూ కలిపి ఇంకో అంగుళం వేసుకోవాలి. నీ చక్రం మొత్తం ఏడు. అందులో నాలుగున్నర హబ్బుకు లోపల, రెండున్నర బయట. వాడిది మొత్తం తొమ్మిది. మూడున్నర లోపల, అయిదున్నర బయట. అంటే ఇప్పటికన్నా మూడంగుళాలు రోడ్డు మీదికి వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. కుర్రకారు అందుకే వేయించుకుంటారు. కానీ బరువంతా బయట ఉన్నప్పుడు అది లోపలున్న బేరింగును రోజూ కొంచెం కొంచెంగా విరుస్తూ ఉంటుంది. నాకెలా తెలుసని అడగొద్దు.

నీ చక్రాలే ఉంచు. ఆరు వెడల్పు, నాలుగున్నర బ్యాక్‌స్పేసింగ్. ఆ బండికి సరిపోయేది అదే. టైరు మాత్రం మార్చు. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 75 అంటే ఆ వెడల్పులో నూటికి డెబ్బై అయిదు వంతులు పక్కగోడ ఎత్తు. 195/70 వేస్తే చక్రం మధ్య నుంచి నేలకు ఒక అంగుళం తగ్గుతుంది. అయితే కారు టైరు కొనకు. అదే అంకె ఉంటుంది, బరువు మొయ్యదు. 15 పక్కన 'సి' అక్షరం, ఆ తర్వాత 104 ఉందో లేదో నీ కళ్లతో చూసుకో. ఒక్కో టైరుకు తొమ్మిది వందల కిలోలు మోస్తుంది.

మిగతాది ఒక్కచోటే దించకు. ముందు బోల్టు సర్ది, వెనక బరువు కాసే ఉక్కు కమాన్ పట్టీలు కాస్త చదును చేయించి రెండంగుళాలు. సీటు కింద స్పాంజి కోయించి ఒకటి. కమాను రెండు, టైరు ఒకటి, సీటు ఒకటి. నాలుగు. అరవై డబ్బాలు వేస్తున్నావేమో, ఇకమీదట నలభై దాటకు. నిండు బరువుతో స్టీరింగు చివరిదాకా రెండువైపులా తిప్పి చూడు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య రెండు వేళ్లు పట్టాలి. బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీటీఓ ఆఫీసులో ముందే అర్జీ పెట్టు, నడవలేని మనిషి కోసం మార్పు అని రాయి.

వెంకట్రావుకు నేను రాశానని చెప్పకు.

వరహాలు


సిద్ధగోరా
సెప్టెంబరు 15

మావయ్యకు,

కమాను పని అయింది. రెండంగుళాలు సరిగ్గా దిగింది. టైర్లు చెప్పి పెట్టాను, వచ్చే నెలకు వస్తాయట. అర్జీ ఇచ్చాను. అక్కడి గుమాస్తా రెండుసార్లు చదివి, "ఔరత్ చలాతీ హై?" అని, నడిపేది ఆడమనిషా అని మాత్రం అడిగాడు.

ఇక దాచలేకపోయాను. బండి తెచ్చి ఇంటి ముందు పెట్టి, బిందు ఒక పక్కా నేనొక పక్కా పట్టుకుని ఆయన్ను బయటికి తీసుకొచ్చాం. చూసి సంతోషిస్తాడనుకున్నాం. ముందు చక్రం కేసి చూసి ఆయన మొహం మారిపోయింది. కర్ర వదిలేసి చక్రం ముందు చతికిలబడి, ఎడమ చేత్తో నట్లు ఒక్కొక్కటీ తడిమాడు. "నట్టు... నట్టు..." అంటూనే ఉన్నాడు. "పాపా, సబ్ టైట్ హై, మైనే ఖుద్ దేఖా" అంటూ, అన్నీ బిగువుగానే ఉన్నాయి నాన్నా అని బిందు బతిమాలింది. వినలేదు. వీల్ స్పానర్ తెప్పించుకుని, ఎడమ చేత్తో నాలుగు చక్రాలూ చూసేదాకా లోపలికి రాలేదు.

ఇది జబ్బుతో వచ్చింది కాదు. నీ కొట్లో ఆయన బిగించిన చక్రం ఊడి ఆ ప్రమాదం జరిగినప్పటి నుంచీ అంతే. బండి తీసే ముందు నట్లు మూడుసార్లు చూసేవాడు. వీధి చివర ఆపి మళ్లీ చూసేవాడు. ఆ బండి డ్రైవరు ఆదిబాబు కాలు పోయింది తన చేతి పొరపాటు వల్లేనని అందరూ అన్నారు. నువ్వూ అన్నావు. ఆ తర్వాత భాలుబాసాలో ఏ కొట్టువాడూ ఆయన చేతికి స్పానర్ ఇవ్వలేదు. అందుకే కదా ఫిట్టరు పని మాని డ్రైవరయ్యాడు.

ఆ రోజు లోపలికి వచ్చాక నా కొంగు పట్టుకుని, మాట కూడబలుక్కుని అడిగాడు. "బిగించానా... నాను?"

ఏం చెప్పను? నేనక్కడ లేను. నువ్వున్నావు. విరిగిన బండిని నీ కొట్టుకే లాక్కొచ్చారు. చక్రాన్ని నువ్వే చూశావు. ఆయన నిజంగా నట్లు వదిలేశాడా మావయ్యా? అవునంటే అవుననే రాయి. ఆయన వయసు యాభై రెండు. ఇంకెన్నాళ్లు ఇలా అడుగుతాడు?

సుధ


కాశీబుగ్గ
నవంబరు 2

సుధమ్మా,

నీ ఉత్తరం వచ్చి నెలన్నరయింది. ఏడుసార్లు రాసి చించేశాను. ఇది చించకుండానే పోస్టు చేయాలని డబ్బా పక్కనే ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

నట్లు అయిదూ బిగిసే ఉన్నాయి.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక ముందు అది రాసేశాను. ఇప్పుడు మొత్తం రాస్తాను.

ఆ పికప్ ఒక కాంట్రాక్టరుగారి అబ్బాయిది. ఆదిబాబు దాని డ్రైవరు. బండి దించి వెడల్పు చక్రాలు వేయమని ఆ అబ్బాయి అడిగాడు. సాక్చివాడు నీకు చూపించినలాంటివే. వాటి బ్యాక్‌స్పేసింగ్ మూడు. మడ్‌గార్డులు మడిచి మరీ వేయించాను. అలాంటి పని ఊళ్లో ఎవరూ చేయలేదు, నేను చేశాననిపించుకోవాలని. వెంకట్రావు చక్రం బిగిస్తూ ఆగాడు.

"మావయ్యా, సక్రం మరీ బయటికొచ్చీసింది. బేరింగు తట్టుకోదేమో."

"నాకు నేర్పుతావేటి? బిగించి పంపించు."

వాడు స్పానర్ అందుకున్నాడు. బిగించాడు. నేను పక్కనే నిలబడి చూశాను.

మూడు వారాలకు మానగో వంతెన దిగే మలుపులో ముందు ఎడమ చక్రం హబ్బుతో సహా ఊడిపోయింది. బండి డివైడరుకు కొట్టుకుంది. ఆదిబాబు ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. బండిని కొట్టుకు తెచ్చాక నేను షట్టరు దించుకుని చూశాను. ఊడిన హబ్బుకు చక్రం అలాగే అంటిపెట్టుకుని ఉంది. అయిదు నట్లూ వాడు ఎలా బిగించాడో అలాగే ఉన్నాయి. బేరింగు మాడి నల్లబడి ముక్కలైపోయింది. తప్పు బిగింపులో లేదు, చక్రం ఎంపికలో ఉంది. ఎంపిక నాది.

నట్లు నా చేత్తో నేనే విప్పాను. హబ్బును తుక్కులో కలిపేశాను. పోలీసులకూ, కాంట్రాక్టరుకూ, బస్తీ పెద్దలకూ ఒకటే మాట చెప్పాను, నట్లు వదులుగా ఉండిపోయాయని. మర్నాడు వెంకట్రావు వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"మావయ్యా, నాను బిగించాను కదా? నువ్వూ సూసినావు కదా?"

"బిగించాననుకున్నావేమో," అన్నాను.

వాడు తిరగబడి ఉంటే నేను ఒప్పుకునేవాణ్నేమో. తిరగబడలేదు. తన చేతులు తాను చూసుకున్నాడు, వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటతో వాడికి వాడి చేతి మీదే నమ్మకం లేకుండా చేశాను. కొట్టు పోతుందని భయం, పేరు పోతుందని భయం. చివరికి ఏడాది తిరక్కుండా కొట్టూ మూసేశాను, ఊరూ వదిలేశాను. వాడి పేరు తుడిచేసి నిలబెట్టుకున్న పేరుతో ఆ ఊళ్లో ఉండలేకపోయాను.

నీ మొదటి ఉత్తరం చూసి నిజం తెలిసిపోయిందనే అనుకున్నాను. నువ్వు అడిగింది బ్యాక్‌స్పేసింగ్ గురించే మరి.

చేతనైతే క్షమించు. ఇది వాడికి చదివి వినిపిస్తావో లేదో నీ ఇష్టం.

వరహాలు


సిద్ధగోరా
నవంబరు 14

వరహాలు గారికి,

మీ ఉత్తరం శ్రీదేవి షాపులో నిలబడే చదివాను. ఆమె మంచినీళ్లు ఇచ్చి, ఏమిటని అడక్కుండా మిషను తొక్కుకుంటూ కూర్చుంది.

మూడు రోజులు ఆయనకు చెప్పలేదు. గుండె మీదికి తెస్తుందేమోనని భయపడ్డాను. నాలుగో రోజు డాక్టరమ్మను అడిగాను. నిజం వినడం వల్ల జబ్బు తిరగబెట్టదు, అనుమానం వల్ల తిరగబెట్టవచ్చు అంది. ఆదివారం పొద్దున బిందును కూడా కూర్చోబెట్టుకుని మొత్తం చదివాను. మా పిల్లకు తెలుగు చదవడం రాదు. అందుకని వాళ్ల నాన్న నిర్దోషి అన్న సంగతి బిందు కూడా నా నోటి నుంచే విన్నది.

"అయిదూ బిగిసే ఉన్నాయి" అన్న చోట ఆయన చెయ్యెత్తి ఆపాడు. "మళ్లీ" అన్నాడు. చదివాను. "మళ్లీ" అన్నాడు. నాలుగుసార్లు చదివించుకున్నాడు. తర్వాత ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని ఎత్తి ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. బిందు వెళ్లి ఆ చేతి మీద మొహం ఆనించింది.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. పద్నాలుగేళ్లూ నేను కూడా మీ మాటే నమ్మాను. ఆయన్ను ఒక్క మాట అనలేదు, ఓదార్చాను. పొరపాటు ఎవరికైనా జరుగుతుందని సర్దిచెప్పాను. ఓదార్చడం అంటే నమ్మకపోవడమేనని అప్పుడు తెలియలేదు. అదీ ఆ రోజే ఆయనకు చెప్పాను. తల ఊపాడు. ఆయనకు తెలుసు.

మీరు క్షమించమని అడిగారు. దాని గురించి నేనిప్పుడు మాట్లాడలేను. ఆయన మాత్రం ఒక పేరు చెప్పాడు. "ఆది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. కోపంతో బల్ల మీద కొట్టి, ఒక్కో మాటా లాగి లాగి అన్నాడు. "ఆదిబాబుకి... సెప్పాల. ఆడే... సెప్పాల."

ఉత్తరం కాదు, మీరే వెళ్లి ఎదురుగా నిలబడి చెప్పాలని ఆయన మాట. ఆదిబాబు పర్లాకిమిడిలో వాళ్ల చెల్లెలి ఊళ్లో ఉన్నాడని విన్నాం. మీకు బస్సులో రెండు గంటలు. చెప్పేదాకా ఈ ఇంటికి ఇంకో ఉత్తరం రాయవద్దు.

సుధారాణి


కాశీబుగ్గ
డిసెంబరు 3

సుధమ్మకు,

వెళ్లి చెప్పి వచ్చాను. అందుకే రాస్తున్నాను.

పర్లాకిమిడిలో కోర్టు వీధిలో ఆదిబాబు జిరాక్సు కొట్టు నడుపుతున్నాడు. కట్టుడు కాలు, దాని మీద ప్యాంటు. తెలియనివాళ్లు పోల్చలేరు. జుట్టంతా నెరిసింది. నన్ను చూసి లేచాడు, కుర్చీ వేశాడు. అదే నాకు కష్టమైంది. నా మీద కోపం లేదతనికి. ఆ కోపమంతా వెంకట్రావు మీద పెట్టుకుని ఉన్నాడు.

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. నీకు రాసినట్టే, ముందు నట్ల సంగతి, ఆ తర్వాత మిగతాది. మధ్యలో ఒకామె ఆధార్ కార్డు కాపీలు అడిగింది. అతను తీసి ఇచ్చి, చిల్లర చేతిలో పెట్టి, "సెప్పు" అన్నాడు. చెప్పడం ఆపడానికి నాకు అదొక్కటే అవకాశం. ఆపలేదు.

అంతా విని మిషను మూత దించాడు. తర్వాత అన్నాడు:

"ఆసుపత్రికి ఎంకట్రావు వచ్చినాడు. తెలుసా నీకు? మంచం కాడ నిలబడి దండం పెట్టినాడు. 'నా సేతిలో తప్పుందేమో ఆదీ' అన్నాడు. నాను మొకం గోడకేసి తిప్పీసినాను. ఆడు అలాగే నిలబడి ఎల్లిపోనాడు."

"తెలీదు," అన్నాను.

"పద్నాలుగేళ్లు ఆడ్ని తిట్టుకున్నాను. ఇప్పుడు నిన్ను తిట్టుకోడానికి మళ్లీ అంత వయసు నాకెక్కడిది?"

నన్ను కొడితే బాగుండేదనిపించింది. కొట్టలేదు. తెల్ల కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "నాకు సెప్పినట్టే రాయి. సంతకం ఎట్టు." రాసి ఇచ్చాను. దాన్ని పాతిక కాపీలు తీశాడు. భాలుబాసా బస్తీలో ఎవరెవరికి పంపాలో పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. పోలీసు స్టేషనుకు ఇస్తావా అని అడిగాను. "ఇంట్లో మాటాడి సూత్తాను" అన్నాడు. ఇచ్చినా సరే, నేను ఎక్కడికీ పోను, ఇక్కడే ఉంటానని చెప్పాను.

వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచి, "ఎంకట్రావు నెంబరియ్యి" అన్నాడు. నా దగ్గర లేదని చెప్పాను. నిజంగానే లేదు. శ్రీదేవి షాపు చిరునామా ఇచ్చి వచ్చాను.

నువ్వు గారు పెట్టి రాశావు. సరే.

వరహాలు


సిద్ధగోరా
ఫిబ్రవరి 8, 2026

మావయ్యకు,

ఆలస్యానికి కారణం కోపమొక్కటే కాదు, పని కూడా ఉంది.

టైర్లు చెప్పినదానికి రెండు నెలలు ఆలస్యంగా డిసెంబరు చివర్లో వచ్చాయి. 'సి' అక్షరం, 104 చూసే కొన్నాను. నలభై డబ్బాలు వేసి స్టీరింగు చివరిదాకా తిప్పితే రెండు వేళ్లు పట్టాయి. ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకుని కొలిచి కాగితం మీద ముద్ర వేశాడు. సీటు ముప్పై రెండు దగ్గర ఆగింది.

ఆయన ఎక్కాడు. మొదటిరోజు మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. వెనక్కి తిరిగి, నడుం ఆనించి, కూర్చుని, కుడి కాలును ఎడమ చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. బిందును తలుపు వెయ్యనివ్వలేదు, తనే లాగి వేసుకున్నాడు. సాక్చి గోల్‌చక్కర్ తిరిగి బిష్టుపూర్ దాకా వెళ్లాం. బ్యాంకు గార్డు పరుగెత్తుకొచ్చి, "అరే వెంకట్ దా" అని కిటికీలోంచి చెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజు ఆయన పదకొండు మాటలు మాట్లాడాడు. బిందు లెక్కపెట్టింది. అందులో నాలుగు నా గేరు మార్చే తీరు మీద తిట్లు.

ఆదిబాబు కాగితం బస్తీలో అందరికీ చేరింది. బస్తీ పెద్ద ముసలయ్య తాతగారు ఇంటికొచ్చి, ఆయన పక్కన గంటసేపు కూర్చుని వెళ్లారు. నిన్నటికి నిన్న ఒక మెకానిక్ వచ్చి బండి చప్పుడు వినిపించి ఏం పోయిందో ఈయన్ను చెప్పమన్నాడు. చెప్పాడు.

ఆదిబాబు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టి పక్కన కూర్చున్నాను. అవతల అతను మాట్లాడడు, ఇవతల ఈయన మాట్లాడలేడు. చివరికి అతనే, "ఆ రోజు ఆసుపత్రిలో మొకం తిప్పీసినాను, ఎంకట్రావూ" అన్నాడు. ఈయన, "ఊఁ" అన్నాడు. "నొప్పి... కాలు?" అని అడిగాడు. "సలికాలం వత్తే ఉంటాది" అన్నాడతను. తర్వాత ఇద్దరూ కాళ్ల నొప్పుల గురించే మాట్లాడుకున్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ కాగితం పోలీసు స్టేషనుకు ఇవ్వాలా వద్దా అన్నది ఈయన్నే తేల్చమన్నాడట. ఈయన ఇంకా తేల్చలేదు. అది నీకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. ముందు ఎడమ టైరు లోపలి అంచు అరుగుతోంది. ఆయనే వేలితో తడిమి కనిపెట్టాడు. సాక్చిలో చక్రాల అలైన్‌మెంట్ చేయించుకొస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"మావయ్యని... రమ్మను."

"అలైన్‌మెంటుకా?"

"ముందు... అలైన్‌మెంటు."

"ఆ తర్వాత?"

"తరవాత... సూద్దాం."

నేను కూడా అంతకన్నా మాట ఇవ్వలేను. ఆయన క్షమిస్తాడో లేదో ఆయనకే తెలియదు. నాకూ తెలియదు. వస్తే ఏం వినాల్సి వస్తుందో ఆలోచించుకునే బయల్దేరు. ఖరగ్‌పూర్‌లో రైలు మారాలి. ఏ రోజు వస్తావో శ్రీదేవి షాపుకు కాదు, ఇంటికే రాయి.

టాటానగర్‌లో దిగాక ఆటో ఎక్కకు. మేమిద్దరం పికప్ తీసుకుని వస్తాం, స్టేషను బయట పార్కింగులో ఉంటాం. ఆయన బండి దిగి రాలేడు. నువ్వే దగ్గరకు నడిచి రావాలి.

సుధ